తేటనీరు – మంచినీరు

నీరు లేనిదే ప్రాణము లేదని చిన్ననాటి వాచకములలో మనమందరము చదువుకొన్నాము. కాని ఏ నీరు ప్రాణమును నిలుపుతుంది, ఏ నీరు నెమ్మదిగా హరిస్తుంది అన్న పాఠమును మన ప్రాంతమువారు వాచకములలో గాక జీవితమున నేర్చుకోవలసి వచ్చినది. ఒక వైపు మూసీ, ఒక వైపు కృష్ణ, నడుమ చెరువులు, బావులు, బోర్లు, సాగరు కాలువలు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఊరు మారితే నీటి రుచి మారుతుంది, గుణము మారుతుంది. ఇంట్లో నాలుగు చేపలు పెంచుకొనుటకు ఏ ఫిల్టరును ఎన్నుకోవలెనన్న ప్రశ్న ఇంతటి విషయము ముందు మిక్కిలి చిన్నది. అయినను ఆ ప్రశ్నను పట్టుకొని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెముల నడుమ మేము ఒక వేసవి అంతా తిరిగినాము. అందులో తెలిసికొన్నదానిని విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచుచున్నాము.

మేము నలుగురము తోబుట్టువులము. మా ఇల్లు సూర్యాపేటలో. మా పొరుగువారు హైదరాబాదుకు తరలిపోవుచు తమ గాజుతొట్టిని మాకు ఇచ్చిపోయినారు. దాని పొడవు రెండు అడుగులు, వెడల్పు అడుగు, ఎత్తు అడుగు. అంచువరకు నింపినచో సుమారు 56 లీటర్లు పట్టును. కొంత వెలితి విడిచినచో 50 లీటర్లు. తొట్టి వచ్చినది గాని ఫిల్టరు రాలేదు. చేపలు తెచ్చుటకు మేము తొందరపడుచుండగా మా అబ్బా ఒక షరతు పెట్టినారు. "చేపలు కొనడానికి పది నిమిషాలు చాలు. ఏడాది తర్వాత కూడా అవి బతికి ఉండే ఏర్పాటు ఏమిటో ముందు చెప్పండి. అప్పుడే డబ్బు ఇస్తాను" అన్నారు. మా విచారణకు మూలము ఆ మాటే.

మొదట బజారులోని దుకాణమునకు వెళ్లినాము. అక్కడ ఫిల్టర్లు అనేక రకములు. తొట్టి లోపల గోడకు అతికించునవి, తొట్టి అంచున వెనుకకు వ్రేలాడదీయునవి, గులకరాళ్ల క్రింద పలకవలె పరచునవి, తొట్టి వెలుపల డబ్బావలె నిలుచునవి, చివరకు ఒక మూలన, ఎవరి కంటా పడకుండ, నల్లని స్పాంజి ముక్కకు గొట్టము తగిలించిన చౌకబారు వస్తువు. దుకాణదారుడు డబ్బా ఫిల్టరును చూపి, "దీనితో నీరు అద్దంలాగా ఉంటది" అన్నాడు. మా చిన్నతమ్ముడు ఆ మాటకే పరవశుడైనాడు. నీరు అద్దమువలె ఉండుటకే గదా ఫిల్టరు! మేమును అట్లే తలచి, అయితే కొనుటకు ముందు చేపలు పెంచు బంధువులను అడిగి చూతమని నిశ్చయించుకొన్నాము.

కోదాడలో మా మామూ దర్జీ పని చేస్తారు. వారి దుకాణము వెనుక గదిలో ఉన్న తొట్టి మా తొట్టికంటె కొంచెము పెద్దది. అందులోని మోలీ చేపల సంతతి ఏడేండ్లుగా సాగుచున్నది. ఆ తొట్టిని చూచి మా తమ్ముడు నిరాశ చెందినాడు. నీరు మురికిగా లేదు గాని అద్దమువలె లేదు. లేత తేనీటి రంగు. ఒక మూలన అదే స్పాంజి ముక్క, ఎయిర్ పంపునుండి వచ్చు గాలిబుడగలతో గుటగుటలాడుచున్నది. గులకరాళ్ల మధ్య గోధుమరంగు మడ్డి. ప్రయోగశాలలో కిరణజన్య సంయోగక్రియను చూపుటకు మన అధ్యాపకులు వాడు హైడ్రిల్లా మొక్కలు ఒత్తుగా పెరిగి ఉన్నవి.

"మామూ, ఈ మడ్డి కడగరా?" అని మేము అడిగితిమి. ఆయన స్పాంజిని పైకి తీసి, తొట్టినీటినే ఒక బకెట్టులో పోసి, అందులో రెండుసార్లు పిసికి మరల అమర్చినారు. "నల్లా నీళ్లతో కడిగినామంటే మూడు రోజుల్లో చేపలు పోతాయి. దీంట్లో ఉన్నది నా ఫిల్టర్. ఈ స్పాంజి దానికి ఇల్లు" అన్నారు. మామూ పదవ తరగతితో చదువు మానివేసిన మనిషి. ఆయన అన్న మాటను మా పెద్దన్న జీవశాస్త్ర గ్రంథములలో వెదకగా, అది ఐరోపా శాస్త్రజ్ఞులు పందొమ్మిదవ శతాబ్దమున ఎంతో శ్రమపడి కనుగొన్న సత్యమని తేలినది.

చేప తాను తిన్న ఆహారములోని మాంసకృత్తుల వ్యర్థమును ప్రధానముగా మొప్పల ద్వారా అమ్మోనియా రూపమున విడుచుచుండును. మిగిలిపోయిన మేత కుళ్లినను అమ్మోనియాయే పుట్టును. అమ్మోనియాకు రంగు లేదు. కొద్దిపాటిగా ఉన్నపుడు వాసన కూడ తెలియదు. పది చేపలను చంపగల అమ్మోనియా ఉన్న నీరు గాజుగ్లాసులో పోసి చూచినచో పన్నీరువలె తళతళలాడగలదు. చెరువులో దానిని హరించు శక్తులు అనేకము. చేపకు నీరు విశాలము. గాజుతొట్టిలో చేప తన మలినమును తానే పీల్చవలసి ఉండును.

1877లో ఫ్రాన్సు దేశీయులైన ష్లోజింగ్, మ్యూంట్జ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఒక పొడవైన గొట్టమును ఇసుకతోను సున్నపురాతి పొడితోను నింపి, దానిగుండా మురుగునీటిని అతి నెమ్మదిగా పంపినారు. సుమారు 20 రోజులవరకు నీటిలోని అమ్మోనియా ఎట్లు పోసినది అట్లే దిగివచ్చినది. ఆ తరువాత అమ్మోనియా తగ్గుచు దాని స్థానమున నైట్రేటు కనిపించసాగినది. ఇది కేవల రసాయనచర్య అయినచో మొదటి రోజుననే జరుగవలసినది గదా! ఆ ఇరువది రోజుల ఆలస్యమునకు కారణమేమి? వారు గొట్టములోనికి క్లోరోఫారము ఆవిరిని పంపగా ఆ మార్పు ఆగిపోయినది. మత్తుమందుకు లొంగునది ప్రాణమున్నదే కావలెను. ఇసుకరేణువులపై స్థిరపడిన సూక్ష్మజీవులే ఆ పని చేయుచున్నవని అట్లు తెలిసినది. 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు ఆ జీవులను వేరుచేసి చూపినాడు. ఒక తెగ అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. మరియొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. గాజుతొట్టులలో ఈ రెండవ పనిని ప్రధానముగా చేయునది నైట్రోస్పైరా అను జాతి అని 1998లో పరిశోధకులు నిరూపించినారు.

అమ్మోనియా చేప మొప్పలను కాల్చును. నైట్రైటు రక్తములోనికి చేరి, ప్రాణవాయువును మోయు శక్తిని పోగొట్టి, రక్తమును గోధుమరంగుకు మార్చును. నైట్రేటు వీనితో పోల్చినచో సాధువు. వారమునకు ఒకసారి కొంత నీరు మార్చినచో అది తొలగిపోవును. కావున ఫిల్టరు అన్నది నీటిలోని చెత్తను పట్టు జల్లెడ మాత్రమే కాదు. అది ఒక జీవకోటికి వసతిగృహము. మామూ చెప్పిన మాట ఇదే.

ఇక్కడ మన ప్రాంతపు విద్యార్థులు గమనింపదగిన విశేషము ఒకటి కలదు. నీటిలో అమ్మోనియా రెండు రూపములలో ఉండును. అందులో స్వేచ్ఛగా ఉన్న రూపమే ప్రమాదకరము. 25 డిగ్రీల వేడిమి వద్ద నీటి పి.హెచ్. విలువ 7 అయినచో ఆ విషరూపము నూటికి ఒక పాలుకంటె తక్కువ. విలువ 8కి పెరిగినచో నూటికి సుమారు 5 పాళ్లు. వేడి పెరిగినకొద్దీ ఇది ఇంకను పెరుగును. మన బోరునీరు చాలచోట్ల కఠినజలము, క్షారగుణము కలది. మన వేసవి సంగతి చెప్పనక్కరలేదు. పైగా 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలిగినచో, 35 డిగ్రీల వద్ద 7 మిల్లీగ్రాములు కూడ నిలువదు. చల్లని దేశములలో వ్రాసిన పుస్తకమును చూచి ఫిల్టరు కొన్నవానికి ఈ రెండు లెక్కలు తెలియకపోవచ్చును. సూర్యాపేటలో మే నెల గడపవలసిన చేపకు మాత్రము తప్పక తెలియును.

కోదాడ తరువాత మిర్యాలగూడెము వెళ్లినాము. అక్కడ మా ఆపా అత్తవారిది బియ్యపు వ్యాపారము. నాగార్జునసాగరు ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచినారు. ఆ ఎడమకాలువ నీటితోనే మిర్యాలగూడెము చుట్టుపట్ల పొలములు వరిమళ్లయినవి, ఊరు రైసుమిల్లులకు ప్రసిద్ధి కెక్కినది. ఆపా ఇంటి ముందుగదిలో నాలుగడుగుల తొట్టి, దాని క్రింద బీరువాలో డబ్బా ఫిల్టరు. దుకాణదారుడు చెప్పిన అద్దమువంటి నీటిని మేము అక్కడ చూడవలసినది. కాని మేము వెళ్లునాటికి తొట్టి ఖాళీగా ఉన్నది.

జరిగినదానిని మా దూల్హాభాయ్ వివరించినారు. అంతకు ముందటి సంవత్సరము మే నెలలో ఒక రాత్రి గాలివాన వచ్చి స్తంభములు కూలినవి. మరునాటి మధ్యాహ్నమువరకు కరెంటు రాలేదు. అంతసేపును చేపలు నీటి ఉపరితలమున నోళ్లు తెరచుకొని ఎట్లో ప్రాణము నిలుపుకొన్నవి. కరెంటు వచ్చినది, ఫిల్టరు తిరిగినది, ఇంటివారు సంతోషించినారు. ఒక గడియ గడువకముందే గదిలో కుళ్లిన గ్రుడ్డు వాసన వేసినది. మరునాటి తెల్లవారుసరికి చేపలు చాలవరకు తేలిపోయినవి. "కరెంటు పోయినప్పుడు బతికినవి, వచ్చినాక చచ్చిపోయినయి. అదే మాకు అర్థం కాలేదు" అన్నారు దూల్హాభాయ్.

మామూ మాట విన్నవారమైనందున ఆ చిక్కు మాకు విడిపోయినది. డబ్బా ఫిల్టరు మంచిదే. సూక్ష్మజీవులకు అందులో విశాలమైన వసతి కలదు. కరెంటు ఉన్నంతకాలము అన్ని ఫిల్టర్లకంటె అదియే సమర్థము. కాని అది మూతపెట్టిన పాత్ర. నీటి ప్రవాహము ఆగిన కొన్ని గంటలలోనే లోపలి జీవులు అక్కడి ప్రాణవాయువును వాడివేయును, పిదప చనిపోవును, గాలి అక్కరలేని వేరొక జాతి జీవులు తలయెత్తి మడ్డిని కుళ్లబెట్టును. కరెంటు రాగానే ఆ విషమంతయు తొట్టిలోనికి వచ్చి పడినది. దీర్ఘకాలము ఆగిన తరువాత డబ్బాను విప్పి, తొట్టినుండి తీసిన నీటితో లోపలి పొరలను కడిగి, ఆ మురికినీటిని పారబోసి మరల నడిపినచో ఈ ఆపద చాలవరకు తప్పును. ఈ సంగతి డబ్బాతో వచ్చిన కాగితముపై లేదని దూల్హాభాయ్ చెప్పినారు.

సూర్యాపేటకు తిరిగివచ్చి నలుగురము కూర్చున్నాము. కరెంటు కోతలు పూర్వమువలె ఇప్పుడు లేవు. కాని గాలివానకు గడియారము లేదు. ప్రతి ఫిల్టరును ఒక్క ప్రశ్నతో పరీక్షించినాము: కరెంటు పోయిన పది గంటల తరువాత ఇది ఏమి చేయును?

తొట్టి అంచున వ్రేలాడు ఫిల్టరులో కరెంటు పోగానే నీటిమట్టము తగ్గవచ్చును. తిరిగి వచ్చినపుడు కొన్ని తమంతట తాము నీరు తోడుకొనజాలక ఉత్తగా తిరిగి వేడెక్కును. ఇంట్లో మనిషి ఉండి చూచుకొనవలెను. లోపలి గోడకు అతికించు మోటారు ఫిల్టరు నీటిని బాగుగా జల్లెడపట్టును. కాని అందులోని స్పాంజి చిన్నది, ప్రవాహము ఉద్ధృతము, చిన్నచేపలు అలసిపోవును. గులకరాళ్ల క్రింద పరచు పలక 1970, 1980 దశకములలో ఇంటింటి తొట్టిలోను ఉండెడిది. అది మంచి జైవిక ఫిల్టరే గాని కాలక్రమమున రాళ్ల క్రింద మడ్డి పేరుకొని, శుభ్రము చేయుటకు తొట్టి మొత్తము విప్పవలసి వచ్చును. బొగ్గుపొడి నింపిన ఫిల్టరు నీటి రంగును, వాసనను, మందుల శేషమును పీల్చును; కాని అమ్మోనియాను ముట్టదు, కొన్ని వారములలో దాని శక్తి ఉడిగిపోవును. స్పాంజి ఫిల్టరుకు మోటారు నీటిలో లేదు. ఎయిర్ పంపు పంపిన బుడగలు గొట్టములో పైకి లేచుచు తమతో నీటిని లాగికొని పోవును. ఆ నీరు స్పాంజి గుండా వచ్చును. కరెంటు పోయినను స్పాంజి తొట్టినీటిలోనే తెరపిగా ఉండుటచే డబ్బాలోవలె త్వరగా కుళ్లదు. బ్యాటరీతో నడుచు చిన్న పంపును తగిలించినచో రాత్రి గడచిపోవును. అదియు లేనిచో కోదాడ మామూవలె చెంబుతో నీరు ముంచి ఎత్తునుండి ధారగా పోయుచుండవచ్చును. స్పాంజి దోషము ఒక్కటే: నీటిని అద్దమువలె చేయదు.

ఆ దోషము దగ్గరే మా తమ్ముడు మొండికేసినాడు. "చూడడానికే గదా తొట్టి! నీళ్లు తేటగా లేకుంటే ఎవరు చూస్తారు?" అన్నాడు. వాని వాదము న్యాయమైనదే. ఇంటికి వచ్చినవారు మెచ్చుకొనవలెనని ఎవరికి ఉండదు?

అప్పటివరకు మంచముపై కూర్చుండి మా వాగ్వాదమును వినుచున్న మా దాదీ నోరు విప్పినారు. దాదీ పుట్టిల్లు మర్రిగూడ ప్రాంతపు పల్లె. వారి నడుము నిటారుగా నిలువదు. మెడ ప్రక్కకు త్రిప్పవలెనన్న శరీరమంతయు తిరుగవలెను. నమాజుకు కుర్చీపై కూర్చుండుట మేము చిన్ననాటినుండి చూచుచున్నదే. వారు అన్న మాటను వారి యాసలోనే వ్రాయుచున్నాము.

"మా ఊరి బాయిల పైసా ఏస్తే అడుగున కనపడేది బేటా. అంత తేటగుండేటియి నీళ్లు. సుట్టుపక్కల ఊర్లోల్లు మా బాయిని మెచ్చుకునేటోళ్లు. ఆ నీళ్లే నన్ను ఇట్ల చేసినయి."

ఇంట్లో ఎవరమును కొంతసేపు మాటలాడలేదు. దాదీ వ్యాధి సంగతి మాకు తెలియనిది కాదు. కాని తేటదనమును గూర్చి వారు అట్లు చెప్పగా వినుట అదే మొదలు.

మన జిల్లా వేదన లోకమునకు తెలియుటకు చాలకాలము పట్టినది. దక్షిణదేశమున త్రాగునీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు బిగిసిపోవు వ్యాధిని వైద్యులు 1937లో అప్పటి మద్రాసు రాజధాని ప్రాంతమున గుర్తించినారు. 1955లో డాక్టరు సిద్దీఖీ నల్లగొండ జిల్లా రోగులను పరీక్షించి వ్రాసిన వ్యాసము బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయినది. భూమి లోపలి గ్రానైటు శిలలలోని ఖనిజములనుండి ఫ్లోరైడు కరగి బావులలోనికి చేరును. దానికి రంగు లేదు, వాసన లేదు. కాచినను పోదు; నీరు ఆవిరియైనకొద్దీ పాళ్లు పెరుగును. గుడ్డతో వడబోసినను పోదు. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకము; మన దేశపు ప్రమాణము 1 మిల్లీగ్రాము వద్దనే ఉంచవలెనని, వేరు ఆధారము లేనిచోటనే 1.5 వరకు పోవచ్చునని చెప్పును. నాగపూరులోని నీరీ సంస్థవారు 1970 దశకమున పటిక, సున్నములతో ఫ్లోరైడును పేరబెట్టి అడుగునకు దింపు పద్ధతిని రూపొందించినారు. దానికి లోకమంతటను "నల్లగొండ పద్ధతి" అని పేరు. మన జిల్లా పేరు ప్రపంచపు నీటిశాస్త్ర గ్రంథములలో నిలిచినది ఇట్లు. గర్వింపవలెనో దుఃఖింపవలెనో తెలియని కీర్తి ఇది. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథతో నదీజలము నల్లాలకు వచ్చిన పిదప పరిస్థితి మారినది. కాని ఒకసారి వంగిన ఎముక తిరిగి సాగదు.

మా తొట్టిలోని సమస్య అమ్మోనియా, దాదీ బావిలోని సమస్య ఫ్లోరైడు. రెండును ఒకటి కావు. స్పాంజి ఫిల్టరు గాని డబ్బా ఫిల్టరు గాని ఫ్లోరైడును తొలగింపజాలవు. పటిక, సున్నము వేయుట అమ్మోనియాకు మందు కాదు. ఏ దోషమునకు ఆ ఉపాయమే. అయితే రెండింటియందును కన్ను చెప్పు సాక్ష్యము చెల్లదు. తెలుగున మనము "తేటనీరు" అని, "మంచినీరు" అని వేరువేరుగా అందుము. మా ఇంట ఉర్దూలోను "సాఫ్" వేరు, "పాక్" వేరు. భాషలు చూపిన ఈ భేదమును దుకాణములోని మెరుపు ముందు మనము మరచుచున్నాము.

1892లో జర్మనీలోని హాంబర్గు నగరమున కలరా వ్యాపించి 8,000 మందికి పైగా మరణించినారు. ఆ నగరవాసులు ఎల్బ్ నది నీటిని వడపోయకయే త్రాగెడివారు. దాని ప్రక్కనే ఉన్న ఆల్టోనా పట్టణము నదికి దిగువన ఉన్నది. హాంబర్గు మురుగు కలసిన నీరే దానికి ఆధారము. అయినను ఆల్టోనావారు ఆ నీటిని ఇసుకపొరల గుండా నెమ్మదిగా దింపి వాడుటచే చాలవరకు రక్షింపబడినారు. ఆ ఇసుకపై జిగటగా పట్టు జీవపొరయే ఆ రక్షణకు ముఖ్యకారణము. మూసీకి దిగువన, మహానగరపు మురుగును మోసుకొనివచ్చు నదీతీరమున జీవించు సూర్యాపేటవారము, వడపోతలోని ఈ జీవశక్తిని తెలిసికొనుట మనకు విలాసము కాదు.

దాదీ మాట విన్న తరువాత మా తమ్ముడే లేచి, "స్పాంజే తెద్దాం" అన్నాడు.

ఒకటికి రెండు స్పాంజి ఫిల్టర్లు తెచ్చినాము. ఒకదానిని పిసికిన వారము రెండవదానిని కదిలింపకుండుటకు. పంపును తొట్టి నీటిమట్టముకంటె ఎత్తున అలమారపై పెట్టినాము. లేనిచో కరెంటు పోయినపుడు నీరు సన్నగొట్టము గుండా వెనుకకు జారి పంపులోనికి చేరగలదు. బ్యాటరీ పంపు ఒకటి కొన్నాము. నల్లా నీటిలో క్లోరిన్ ఉండును గనుక బకెట్లలో పట్టి ఒక దినము ఎండలో నిలువ ఉంచినాము. తొందర ఉన్నపుడు సోడియం థయోసల్ఫేటు పలుకు ఒకటి చాలును; మన రసాయనశాలలో హైపో అని పిలుచునది అదియే.

పిదప మామూ పిలువగా కోదాడ వెళ్లినాము. ఆయన తమ తొట్టి అడుగునుండి రెండు గుప్పెళ్ల గులకరాళ్లను, మడ్డితో సహా, ఒక టిఫిను డబ్బాలో వేసి, తొట్టినీటితో తడిపి, మూత వదులుగా పెట్టి ఇచ్చినారు. దానిని ఒడిలో పెట్టుకొని బస్సులో సుమారు గంటసేపు ప్రయాణము చేసి సూర్యాపేట చేరినాము. ప్రక్కసీటులోని పెద్దమనిషి "ఏం కూర?" అని అడిగినాడు. ఏమని చెప్పగలము? ఏడేండ్ల జీవరాశి మా ఒడిలో ఉన్నది!

ఆ రాళ్లను గుడ్డసంచిలో కట్టి స్పాంజి ప్రక్కన వ్రేలాడదీసినాము. చేపలు లేని తొట్టిలో దినమునకు చిటికెడు మేత వేయుచు వచ్చినాము. అది కుళ్లి అమ్మోనియా పుట్టవలెను, దానిని తిని సూక్ష్మజీవులు పెరుగవలెను. పరీక్షచుక్కలు కొని రెండు రోజులకొకసారి కొలిచినాము. మొదటి వారమున అమ్మోనియా పెరిగినది. రెండవ వారమున నైట్రైటు తలయెత్తి నీటిచుక్క ఊదారంగుకు తిరిగినది. మూడవ వారము చివరకు రెండును మాయమై నైట్రేటు మాత్రము మిగిలినది. ఫ్రాన్సు శాస్త్రజ్ఞుల గొట్టములో జరిగినదే మా ఇంటి ముందుగదిలోను జరుగుట చూచి మాకు కలిగిన ఆనందము ఇంతింత కాదు. చదివిన పాఠము కండ్లయెదుట నడచినది.

అబ్బాకు ఆ కొలతలు వ్రాసిన పుస్తకమును చూపినాము. వారు ప్రతి పుటను త్రిప్పి చూచి, మారుమాటలాడక డబ్బు ఇచ్చినారు. గోల్డ్‌ఫిష్ మలినము ఎక్కువ విడుచును, పెద్దదిగా పెరుగును. 50 లీటర్లు దానికి చాలవు. కఠినజలమును ఇష్టపడు మోలీలను నాలుగింటిని మాత్రమే తెచ్చినాము. వారమునకు ఒకసారి నాలుగవ వంతు నీరు మార్చుచున్నాము. ఒక వేసవి, రెండు గాలివానలు గడచినవి. నీరు లేత తేనీటి రంగులోనే ఉన్నది. చేపలున్నవి, పిల్లలను కూడ పెట్టినవి.

విద్యార్థి మిత్రులారా! మీలో ఎవరైనను ఇంట చేపలు పెంచదలచినచో మా సలహా సులభము. ముందు తొట్టి కొలతను, మీ ఊరి నీటి గుణమును, కరెంటు పోయిన రాత్రిని లెక్కలోనికి తీసికొనుడు. ఫిల్టరును మీరు ఎన్నడు, దేనితో, ఎట్లు కడుగవలెనో తెలిసినదానినే కొనుడు. పెద్దతొట్టి ఉండి, ఇన్వర్టరు ఉండి, చూచుకొను మనిషి ఉన్నచో డబ్బా ఫిల్టరు ఉత్తమము. అవి లేనిచోట స్పాంజి చాలును. చేపలకంటె ముందు సూక్ష్మజీవులను ఇంటికి పిలువుడు.

కళాశాల కమిటీ పెద్దలకు వినయపూర్వకముగా రెండు మనవులు. మన జంతుశాస్త్ర విభాగమున ఒక గాజుతొట్టిని నెలకొల్పి, దాని నీటి కొలతలు వ్రాయు బాధ్యతను విద్యార్థులకు అప్పగింపుడు. నైట్రోజను చక్రము నల్లబల్లమీది బాణపుగుర్తులనుండి బయటికి వచ్చును. రెండవది ముఖ్యమైనది. సంవత్సరమునకు ఒకసారి ప్రతి విద్యార్థి తన ఊరి బోరునీటిని ఒక సీసాలో తెచ్చునట్లును, మన రసాయనశాలలో ఫ్లోరైడు పరీక్ష జరుగునట్లును ఏర్పాటు చేయుడు. జిర్కోనియం కలిపిన రంగుద్రావకములో నీటిని పోసినచో, ఫ్లోరైడు ఉన్నకొద్దీ గులాబీ ఛాయ పసుపుకు తిరుగును. డిగ్రీ విద్యార్థి చేయలేని పని కాదు. నల్లాలు వచ్చిన తరువాత కూడ పొలములవద్ద, ఇటుకబట్టీలవద్ద, నల్లా రాని రోజులలో ఇండ్లవద్ద బోరునీరు త్రాగువారు ఇంకను ఉన్నారు. ఆ ఫలితములను ఊరిపేర్లతో నోటీసుబోర్డున పెట్టినచో, తేటగా ఉన్నదని మెచ్చుకొని త్రాగు బావి ఏదైన ఉన్నయెడల ఆ ఊరివారు ముందుగానే మేలుకొందురు.

మొదటి సీసాను మా దాదీ పుట్టినయూరి బావినుండి మేమే తెచ్చెదము.